ఇద్దరు జోన్‌లు

1558 సెప్టెంబరు 15న ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డ్‌లో, తోలు చేతితొడుగులు కుట్టి అమ్ముకునే జాన్ షేక్‌స్పియర్ తన కూతురికి చర్చిలో బాప్తిస్మం ఇప్పించి జోన్ అని పేరు పెట్టాడు. 1569 ఏప్రిల్ 15న అదే చర్చిలో అదే జాన్ ఇంకో కూతురికి మళ్ళీ జోన్ అనే పేరు పెట్టాడు. ఈ రెండు తేదీల మధ్య ఏం జరిగిందో ఆ ఊరి రిజిస్టరు చెప్పదు. మొదటి జోన్‌ను పాతిపెట్టినట్టు అందులో ఒక్క పద్దు కూడా లేదు. చెల్లెలికి ఆమె పేరే పెట్టారు గనుక ఆమె అప్పటికే కన్నుమూసిందని మనమే గ్రహించుకోవాలి. ఒక పాప చావుకు మిగిలిన సాక్ష్యమల్లా మరో పాప పేరు.

రెండో జోన్ బతికింది. విలియం షేక్‌స్పియర్ కంటే ఐదేళ్ళు చిన్నదైన ఈ చెల్లెలు టోపీలు చేసే విలియం హార్ట్‌ను పెళ్ళాడి, అన్న పోయాక ఇంకో ముప్ఫై ఏళ్ళు ఉండి, 1646 నవంబరులో అదే ఊళ్ళో మట్టిలో కలిసింది. విలియం సొంత సంతతి 1670లో అతని కూతురి కూతురు ఎలిజబెత్‌తో ఆగిపోయింది. ఆ ఇంటి రక్తం ఈనాటికీ ఎవరిలోనైనా పారుతున్నదంటే అది ఈ జోన్ వల్లే. ఇప్పుడు ఎవరైనా వంశవృక్షం గీస్తూ 1558 నాటి బాప్తిస్మాన్ని, 1646 నాటి భూస్థాపనను కలిపేశారనుకోండి. తండ్రి పేరు సరిపోతుంది, ఊరు సరిపోతుంది, చర్చి సరిపోతుంది. లెక్క ప్రకారం ఎనభై ఎనిమిదేళ్ళు బతికిన ముసలావిడ ఒకతె తయారవుతుంది. అటువంటి మనిషి ఎన్నడూ లేదు. ఉన్నది పసితనంలోనే పోయిన ఒక పాప, డెబ్భై ఏడేళ్ళు బతికిన ఒక స్త్రీ. ఇద్దరినీ ఒక్కరిగా కుట్టేస్తే ఆ పాప రెండోసారి చనిపోతుంది.

వంశవృక్షాలు గీసేవారితో నాకున్న పేచీ ఇదే. పుట్టుక దొరికితే చాలు మనిషి దొరికినట్టే అనుకుంటారు. నేను తలకిందులుగా చెబుతాను. ముందు భూస్థాపనల పద్దు చదవండి. మీ చెట్టుకు తగిలించబోయే బిడ్డ అసలు బతికి పెద్దయిందా అని ముందు తెలుసుకోండి. అది తేలకుండా మీరు దొరికించుకున్నది పూర్వీకుణ్ణి కాదు, వట్టి పేరును.

నాకు ఇంగ్లండులో పద్దెనిమిదేళ్ళు గడిచాయి. నెలకు రెండు శనివారాలు కౌంటీ రికార్డు ఆఫీసులో పాత రిజిస్టర్లు చదివి పేర్లు ఎక్కించే పనికి స్వచ్ఛందంగా వెళతాను. మీకేమిటి ఆ ఊళ్ళ గొడవ అని మావాళ్ళు అడుగుతుంటారు. మా ఇంట తద్దినం నాడు పలికేవి మూడు తరాల పేర్లు. తండ్రి, తాత, ముత్తాత. ఆ పైవాళ్ళ పేర్లు చెప్పగలిగినవారు మా ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. అటువంటిచోటు నుంచి వచ్చిన నాకు, కూలివాడి బిడ్డకు కూడా నాలుగు వందల ఏళ్ళ నాటి తేదీ ఒకటి సిరా అక్షరాల్లో నిలిచి ఉండటం మొదటిసారి చూసినప్పుడు గొంతు పట్టేసింది. ఆ విలువ తెలిసినవాణ్ణి గనుకనే దాన్ని చేజేతులా పాడుచేస్తుంటే ఊరుకోలేకపోతున్నాను.

ఈ పుస్తకాలు ఎలా పుట్టాయో తెలిస్తే వాటిని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. 1538 సెప్టెంబరులో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక్కో చర్చి కిందకు వచ్చే ఊరిలోనూ, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు రాసిపెట్టాలని ఆజ్ఞ పంపాడు. కొత్త పన్ను ఏదో వేయడానికే ఈ లెక్కలని జనం భయపడ్డారు. చాలా చోట్ల విడి కాగితాల మీద రాశారు, వాటిలో ఎక్కువ భాగం చిరిగిపోయాయి. ఆ తర్వాత 1598లో ఎలిజబెత్ రాణి ఆమోదంతో, పాత పద్దులన్నింటినీ తోలు కాగితం మీదకు ఎత్తి రాయాలన్న నియమం వచ్చింది. ముఖ్యంగా రాణి గద్దెనెక్కిన ఏడాది నుంచి, అని అందులో ఒక మాట ఉంది. ఆ మాట పట్టుకుని చాలామంది పాదిరులు అంతకుముందటి ఇరవై ఏళ్ళనూ ఎత్తి రాయకుండా వదిలేశారు. అందుకే ఇంగ్లండు పల్లెల్లో లెక్కలేనన్ని రిజిస్టర్లు 1558తోనే మొదలవుతాయి. స్ట్రాట్‌ఫర్డ్‌దీ అంతే. మొదటి జోన్ ఆ పుస్తకపు మొదటి ఏడాది బిడ్డ.

అంటే ఈ రోజు మనం చూసే షేక్‌స్పియర్ బాప్తిస్మపు పద్దు 1564లో రాసినది కాదు. 1600 ప్రాంతంలో ఒకే చేతితో వరసగా ఎత్తి రాసిన ప్రతి. పుటల అడుగున అప్పటి పాదిరి రిచర్డ్ బైఫీల్డ్ సంతకం ఉంటుంది. ఏప్రిల్ 26 ఎదురుగా నాలుగే ముక్కలు. జాన్ షేక్‌స్పియర్ కొడుకు విలియం, అని లాటిన్‌లో. తల్లి పేరు లేదు, పుట్టిన తేదీ లేదు. ఆ కాస్తలోనూ ఒక తప్పు దొర్లింది. ‘జాన్ యొక్క’ అనడానికి యోహాన్నిస్ అని ఉండాలి, యోహాన్నెస్ అని ఉంది. షష్ఠీ విభక్తి రావలసిన చోట ప్రథమా విభక్తి పడింది. ఆ ఒక్క అక్షరం చూసినప్పుడల్లా నాకు చలిలో వేళ్ళు కొంకర్లు పోతూ, వందల పేర్లు వరసగా రాసుకుంటూ పోయే ఒక గుమాస్తా కనిపిస్తాడు. విభక్తి తప్పినవాడు తేదీ తప్పకుండా ఉంటాడా? ఒక పేరు వదిలేయకుండా ఉంటాడా? మొదటి జోన్ చావు పద్దు ఆ పాత కాగితాల్లోనే చిరిగిపోయిందో, ఎత్తి రాసేటప్పుడు జారిపోయిందో!

అదే 1564 భూస్థాపనల పద్దులోకి వెళితే కథ మారిపోతుంది. జులై 11న ఒక పని నేర్చుకునే కుర్రవాణ్ణి పాతిపెట్టారు. ఆ పద్దు పక్కన లాటిన్‌లో మూడు మాటలు: ‘ఇక్కడ మహమ్మారి మొదలైంది.’ ఆ ఏడాది ముగిసేలోగా ఆ చిన్న ఊళ్ళో రెండు వందలకు పైగా శవాలను పాతిపెట్టారు. అప్పటికి విలియం పదకొండు వారాల పసిగుడ్డు. అతని కంటే ముందు పుట్టిన మార్గరెట్ అనే అక్కకు 1562 డిసెంబరు 2న బాప్తిస్మం అయింది, 1563 ఏప్రిల్ 30న భూస్థాపన అయింది. ఇద్దరు ఆడపిల్లలను పోగొట్టుకున్న తల్లి మేరీ, మూడో బిడ్డను ఒడిలో పెట్టుకుని ఆ వేసవి ఎలా గడిపి ఉంటుందో బాప్తిస్మాల పుట ఒక్కటే చదివినవారికి తోచనే తోచదు. ఒక ఇంటి చరిత్ర ఎప్పుడూ రెండు పుటల మధ్య ఉంటుంది.

పేరు కలిస్తే మనిషి కలిసినట్టే అనుకునే జబ్బు ఇప్పటిది కాదు. 1709లో నికొలస్ రో షేక్‌స్పియర్ జీవిత కథ రాస్తూ జాన్‌కు పదిమంది పిల్లలన్నాడు. రిజిస్టరు జాగ్రత్తగా చూస్తే జాన్, మేరీ దంపతులకు పుట్టినది ఎనిమిది మంది. ఆ ఊళ్ళోనే చెప్పులు కుట్టే మరో జాన్ షేక్‌స్పియర్ ఉండేవాడు. 1589 నుంచి 1591 వరకు అతనికి ఉర్సులా, హంఫ్రీ, ఫిలిప్ అని ముగ్గురు పుట్టారు. వాళ్ళు వచ్చి చేతితొడుగుల జాన్ ఇంట్లో చేరిపోయారు. తర్వాతివారు ఇద్దరు జాన్‌లనూ విడదీయడానికి చాలా శ్రమపడవలసి వచ్చింది. ఒకే ఊళ్ళో, ఒకే ఇంటిపేరుతో, ఒకే కాలంలో ఇద్దరు జాన్‌లు ఉండటం వింత కాదు. ఆ కాలపు ఇంగ్లండులో మగపిల్లలకు పెట్టే పేర్లే బహు కొద్ది. జాన్, విలియం, థామస్ ప్రతి వీధిలోనూ ఉంటారు.

లేని మనిషిని పుట్టించిన గుమాస్తా కథ కూడా ఒకటి చెప్పాలి. 1582 నవంబరు 27న వుస్టర్ బిషప్పు రిజిస్టరులో విలియం షేక్‌స్పియర్‌కు ఆన్ వాట్లీ అనే స్త్రీతో పెళ్ళికి అనుమతి ఇచ్చినట్టు రాశారు. మర్నాటి పూచీకత్తు పత్రంలో పెళ్ళికూతురు ఆన్ హాథ్‌వే. అదే రోజు అదే కార్యాలయంలో వాట్లీ అనే ఒక పాదిరి వ్యాజ్యం కూడా నడుస్తున్నది. ఆ పేరు గుమాస్తా కలంలోకి వచ్చేసి ఉంటుందని పండితులు చాలామంది నమ్ముతారు. ఆ ఒక్క పొరపాటు నుంచి, ప్రేమించి మోసపోయిన కన్య అంటూ ఒక కథే అల్లేశారు.

ఇక నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టిన సంగతి చెబుతాను.

మా పక్కింట్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఉంటారు. తండ్రి వైపువాళ్ళు తరతరాలుగా వార్విక్‌షైర్ పల్లెవాళ్ళు. మనవడు ఇంటర్నెట్టులో వెతికి, గోడంత పొడవున వంశవృక్షం అచ్చు వేయించి పుట్టినరోజుకు ఇచ్చాడు. దాని కొసన కవచం తొడుక్కున్న ఒక వీరుడు ఉన్నాడు. ఆవిడ ఆ కాగితాన్ని వంటింటి బల్ల మీద పరిచి, చూపుడు వేలితో ఒక్కొక్క పేరూ తాకుతూ నాకు చూపించారు. ఆ వేలు థామస్ అనే పేరు దగ్గర ఆగింది. 1742 జూన్ 6న బాప్తిస్మం. 1766లో పెళ్ళి. ఆ థామస్ తల్లి భూములున్న ఇంటి ఆడపడుచు గనుక, వీరుడి దాకా దారి అతని మీదుగానే పోతుంది.

భూస్థాపనల పద్దు చూశారా అని అడిగాను. చూశాం, అదే తండ్రి కొడుకు థామస్ అని ఒకటి కనిపించింది కానీ అది 1742 ఫిబ్రవరిది, అంటే వీడు పుట్టక ముందే పోయిన అన్న అయి ఉండాలి, అని మనవడు చెప్పాడన్నారు. సైటులో కూడా అలాగే ఉంది. ఫిబ్రవరి ముందు, జూన్ తర్వాత.

తర్వాతి శనివారం అసలు పుస్తకం తెప్పించాను. రికార్డు ఆఫీసులో పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. బూడిదరంగు స్పాంజి దిమ్మెల మీద పుస్తకం ఆనించి, పుట లేవకుండా లోపల సీసపు గుళ్ళు కుట్టిన గుడ్డ తాడు ఒకటి అడ్డంగా వేస్తారు. తోలు కాగితం పుట తిరగేస్తే ఎండిన అరటాకులా చప్పుడవుతుంది. 1742 అని పైన రాసి ఉంది. దాని కింద ఏప్రిల్, జూన్, ఆగస్టు, నవంబరు. ఆ తర్వాత జనవరి. ఆ తర్వాత ఫిబ్రవరి 9, థామస్, తండ్రి పేరు, పక్కన ‘పసివాడు’ అని ఒక్క మాట. దాని కింద మార్చిలో రెండు పద్దులు. అప్పుడు ఒక గీత గీసి 1743.

ఇంగ్లండులో 1752కు ముందు ఏడాది మారేది జనవరి 1న కాదు, మార్చి 25న. కాబట్టి 1742 ఫిబ్రవరి 1742 జూన్ తర్వాత వస్తుంది, ముందు కాదు. మన లెక్కలో అది 1743. షేక్‌స్పియర్ కవలలు హామ్నెట్, జూడిత్‌లకు బాప్తిస్మమైన ఫిబ్రవరి 2 కూడా అప్పటి లెక్కలో 1584, మనకు 1585. పుట వరసగా చదివినవారికి ఇందులో అయోమయమే ఉండదు. పద్దు ఎవరి చేతిలో ఉన్నదో వారికి కాలం ఎటు పోతున్నదో కంటికే కనిపిస్తుంది. పుటలోంచి ఒక్క వరస తెంపి, తేదీల ప్రకారం మళ్ళీ పేర్చిన యంత్రానికి మాత్రం కనిపించదు.

ఆ బాబుకు ఎనిమిది నెలలు.

ఆవిడకు ఎలా చెప్పాలో తెలియక రెండు వారాలు తప్పించుకు తిరిగాను. చివరకు పుట నకలు తీసుకువెళ్ళి బల్ల మీద పెట్టి, నెలలు ఒక్కొక్కటీ పైనుంచి కిందికి చదివి చూపించాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. వీరుడు పోయాడని బాధపడతారేమో అనుకున్నాను. ఆవిడ అడిగినది వేరు.

“ఎన్నాళ్ళు బతికాడు?”

“ఎనిమిది నెలలండీ.”

“పసిగుడ్డు. వాడికి మేం పెళ్ళి చేశాం. పిల్లల్ని కూడా పుట్టించాం.”

వంశవృక్షమన్నది సరదా, ఒక పేరు అటూ ఇటూ అయితే ఎవరికి నష్టం అనేవారికి నా జవాబు ఆవిడ అన్న ఆ మాటే. నష్టం ఆ పిల్లవాడికి. అతను ఈ లోకంలో ఉన్నాడనడానికి రెండే వరసలు మిగిలాయి, ఒకటి జూన్‌లో, ఒకటి ఫిబ్రవరిలో. రెండోదాన్ని మనం చెరిపేశాం. ఇంకొక నష్టం 1766లో నిజంగా పెళ్ళాడిన థామస్‌కు. అతని తల్లిని లాగేసి, అతనికి పరాయి తల్లిని అంటగట్టాం.

కంప్యూటర్ సూచికలను నేను తిట్టడం లేదు. ఎక్కడెక్కడి ఊళ్ళ పద్దులో ఇంట్లో కూర్చుని వెతుక్కోగలగడం సామాన్యులకు దక్కిన పెద్ద వరం. ఆ సూచికల్లో నేను ఎక్కించిన పేర్లు కూడా ఉన్నాయి. కానీ సూచిక దారి చూపే రాయి మాత్రమే, ఊరు కాదు. రాతిని చూసి ఊరు చేరామని ఇంటికి ఉత్తరం రాసేవారిని ఏమనాలి?

నేను చెప్పే పద్ధతిలోనూ చిక్కులున్నాయి. 1813లో అచ్చు ఫారాలు వచ్చేదాకా భూస్థాపనల పద్దుల్లో వయసు రాయడం అరుదు. విలియం అని ఉంటే అది తాతో మనవడో తేల్చలేం. బాప్తిస్మం కాకుండా పోయిన శిశువులు చాలామంది పద్దుకెక్కలేదు. క్వేకర్లు అనే వేరే క్రైస్తవ శాఖవారు తమవారిని తమ స్థలంలోనే పాతిపెట్టుకుని తమ పుస్తకంలోనే రాసుకున్నారు. రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరిగిన 1640ల్లో ఎన్నో ఊళ్ళలో పుటలకు పుటలే ఖాళీ. 1783లో ఒక్కో పద్దుకు మూడు పెన్నీల పన్ను వేశారు. నిరుపేదలకు ఆ పన్ను లేదు గనుక కొన్ని ఊళ్ళలో ఉన్నట్టుండి పేదలు పెరిగిపోయారు. వెతుకుతున్న కుర్రవాడు ఊరు విడిచిపోయి ఉండవచ్చు కూడా. ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి మన మచిలీపట్నంలోనో విశాఖపట్నంలోనో జ్వరంతో పోయినవారి పద్దులు మద్రాసు చర్చి రిజిస్టర్ల నకళ్ళలో కలిసి లండన్‌కు చేరాయి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. సొంత ఊరి పాదిరికి ఆ చావు సంగతి తెలియనే తెలియదు.

చావు పద్దు దొరకకపోతే బతికాడని అర్థం కాదు. మొదటి జోన్ నేర్పినది అదే. అప్పుడు వీలునామాలు చూడాలి. పాదిరులు ఏటా బిషప్పుకు పంపిన నకళ్ళు చూడాలి. అన్నింటికంటే నాకు ఇష్టమైనవి పారిష్ పెట్టెలో, అంటే ఊరి వ్యవహారాల పత్రాలు దాచే పెట్టెలో, ఉన్న కాగితాలు. 1662 చట్టం ప్రకారం పేదవాడికి తిండి పెట్టే బాధ్యత అతని సొంత పారిష్‌ది. అందుకని పొరుగూరి నుంచి వచ్చిన కూలివాడు ఖర్చు పెట్టిస్తాడేమోనని అనుమానం రాగానే న్యాయాధికారి ముందు నిలబెట్టి, ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పనిచేశావు, ఎప్పుడు పెళ్ళాడావు అని అడిగి రాసుకునేవారు. ఊరి ఖజానా మీద ప్రేమతో రాసిన ఆ కాగితాల్లోనే, తన పేరు తాను రాయలేనివాడి బతుకు వాడి నోటితోనే వినిపిస్తుంది.

పెద్దావిడ అసలు థామస్ దొరికినది అక్కడే. 1781లో తీసుకున్న వాంగ్మూలం. ఏడు మైళ్ళ అవతలి ఊళ్ళో పుట్టానని, తల్లి పేరు తప్ప తండ్రి ఎవరో తనకు తెలియదని, తొమ్మిదో ఏట పొలం పనికి కుదిరానని చెప్పాడు. అడుగున సంతకానికి బదులు ఒక ఇంటూ గుర్తు. కలం గట్టిగా నొక్కడంతో సిరా అక్కడ చిన్న మరక కట్టింది. ఆ ఊరి రిజిస్టరులో ఆ ఏళ్ళ ప్రాంతాన ఒక థామస్ బాప్తిస్మం ఉంది. తండ్రి పేరు ఉండవలసిన చోట ఏమీ లేదు. ఇటువంటి పిల్లలను కొన్ని రిజిస్టర్లలో లాటిన్‌లో ‘జనం బిడ్డ’ అని రాశారు. ఇక్కడ ఆ మాట కూడా లేదు. నాకు అలవాటైన పని చేశాను. ఆ ఊరి భూస్థాపనలు పదిహేనేళ్ళకు చదివాను. ఆ పేరుగల పిల్లవాడు వాటిలో లేడు.

గోడంత కాగితంలో పద్నాలుగు తరాలు రాలిపోయాయి. ఆవిడ దాన్ని పారేయలేదు, చుట్టి బీరువా మీద పెట్టారు. ఎనిమిది నెలల థామస్‌కు వేరే కాగితం తీసి, రెండు తేదీలూ సొంత దస్తూరీతో రాసుకున్నారు. పోయిన నెల ఇద్దరం ఆ పల్లె చర్చికి వెళ్ళాం. పసివాడికి రాయి ఏమీ లేదు, ఉండదని ముందే తెలుసు. బాప్తిస్మపు తొట్టి మాత్రం పాతదే, తలుపు దగ్గరే ఉంది. లోపల సీసపు రేకు, అంచున ఒక చోట పెచ్చు ఊడింది. ఆవిడ చేతి గ్లవుజు తీసి, ఆ అంచు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డారు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో, ఆ రెండో థామస్ తల్లి సంగతేమిటి, ఆమెను ఊళ్ళోవాళ్ళు ఏం చేశారో తెలుస్తుందా అని అడిగారు. పెళ్ళి కాని తల్లులను తండ్రి పేరు చెప్పమని నిలదీసిన కాగితాలు కొన్ని ఊళ్ళ పెట్టెల్లో మిగిలాయని చెప్పాను. ఆమె పేరు, ఆ ఊరి పేరు చీటీ మీద రాసి రికార్డు ఆఫీసులో ఇచ్చాం. పెట్టె బయట గోదాములో ఉందట, వచ్చే శనివారం రమ్మన్నారు.